పాడ్యమినాటి చదువు

మొన్న సంక్రాంతికి మా మనవరాలు బంట్వారం వచ్చింది. వస్తూ వస్తూ ఒక సంచీడు పుస్తకాలూ, ఒక టమాటా తెచ్చింది.

టమాట అంటే కూరలో వేసేది కాదు. ప్లాస్టిక్‌ది. దాని నడుము పట్టుకుని మెలితిప్పితే టిక్కు టిక్కుమంటూ తిరిగి, సరిగ్గా ఇరవై అయిదు నిమిషాలకు గణగణా మోగుతుంది. మొదటిసారి అది మోగినప్పుడు మా ఆవిడ వంటింట్లోకి పరుగెత్తి స్టవ్ ఆపేసింది. రెండోసారి నేను ఫోనెత్తి "హలో" అన్నాను. మూడోసారికి ఇద్దరం కలిసి పిల్లను నిలదీశాం.

"చదువుకునేటందుకు తాతా! ఇరవై అయిదు నిమిషాలు చదవాలె. ఇది మోగంగనే అయిదు నిమిషాలు బ్రేక్ తీసుకోవాలె. ఇట్ల నాలుగుసార్లు అయినంక పెద్ద బ్రేక్. ఇటలీల కనిపెట్టిండ్రు" అంది.

నిజమే. ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ కుర్రాడు 1980ల చివర్లో యూనివర్సిటీలో చదువుకుంటూ, పుస్తకం ముందు కూర్చుంటే మనసు నిలవక, 'కనీసం పది నిమిషాలైనా నిజంగా చదవగలవా?' అని తనతో తనే పందెం వేసుకున్నాడట. లెక్కకు వంటింట్లోని గడియారం తెచ్చుకున్నాడు. అది టమాట ఆకారంలో ఉంది. టమాటను ఇటలీ భాషలో పొమొడోరో అంటారు. ఆ పేరే పద్ధతికి స్థిరపడి దేశదేశాలూ తిరిగి, చివరికి వికారాబాదు జిల్లా బంట్వారంలో మా వసారాలోని తాండూరు బండల మీదికి దిగింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ పిల్లను రెండు రోజులు కనిపెట్టి చూశాను. టమాట మోగినప్పుడల్లా అది పుస్తకం మూస్తుంది. మూసి, వేలు మాత్రం పేజీలోనే ఉంచుతుంది. ఇంకో చేత్తో ఫోను తీస్తుంది. అయిదు నిమిషాలు బొమ్మలు పైకి తోస్తుంది. మళ్లీ టమాట తిప్పుతుంది. ఆ అయిదు నిమిషాల్లో ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

"కొంచెంసేపు అట్ల చేను దాకా నడిచి రారాదూ బిడ్డా?" అన్నాను.

"వద్దు తాతా. ఊకె కూర్చుంటే భయమైతది."

ఆ మాటకు నా గుండె కలుక్కుమంది. పట్నంలో ఏదో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. తెల్లవారి అయిదింటికి లేస్తే రాత్రి పదింటికి గానీ పక్క ఎక్కనివ్వరట. పండుగకు నాలుగు రోజులు ఇల్లు చూడనిచ్చారు. పదిహేడేళ్ల పిల్లకు ఊరికే కూర్చుంటే భయమేస్తోందంటే, ఆ భయం ఎక్కడినుంచి వచ్చింది? మన పెద్దలకు ఇది ఉండేదా? ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. ఆ ఆలోచనే ఈ నాలుగు మాటలు.

మనవాళ్లు విమానాలతో సహా అన్నీ ముందే కనిపెట్టేశారని చెప్పే బాపతు కాదు నేను. అయినా ఈ ఒక్క విషయంలో మాత్రం వాళ్లకు కొంత ముందుచూపు ఉందని ఒప్పుకోక తప్పదు. వేదం చదువుకునే పిల్లలకు 'అనధ్యయనం' అని ఒక నియమం ఉంది. పక్షానికొక పాడ్యమి, ఒక అష్టమి, ఒక చతుర్దశి. పైన పున్నమి, అమావాస్య. వెరసి ముప్ఫై తిథుల్లో ఎనిమిది సెలవులు! ఇప్పటికీ సంప్రదాయం పాటించే వేదపాఠశాలల్లో పాడ్యమినాడు కొత్త పాఠం చెప్పరు.

మనుస్మృతి నాలుగో అధ్యాయం ఇంకా దూరం వెళ్లింది. అమావాస్యనాటి చదువు గురువును చంపుతుందట, చతుర్దశినాటిది శిష్యుణ్ణి చంపుతుందట, అష్టమికీ పున్నమికీ చదివితే చదివిన వేదమే చెడుతుందట! ఉరిమితే చదవరాదు, దుమ్ము లేస్తే చదవరాదు, నక్క కూసినా, గాడిద ఓండ్ర పెట్టినా చదవరాదు. ఈ జాబితా మా హైస్కూలు పిల్లల చేతికిచ్చి ఉంటే ఊళ్లో గాడిదలకు ఎంత గిరాకీ ఉండేదో మీరే ఊహించుకోండి.

బెదిరింపు మాటలు పక్కన పెట్టి చూస్తే, లోపలి సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. పుస్తకం లేని చదువది. అంతా నోటికి రావాలి. రోజూ కొత్త పాఠం పోసుకుంటూ పోతే పాతది నిలవదు. అందుకని వారం తిరక్కుండా ఏదో ఒక తిథి వచ్చి అడ్డుపడేటట్టు ఏర్పాటు చేశారు. ఈ సంగతి వాల్మీకికి ఎంత మామూలు విషయమంటే, సుందరకాండలో హనుమంతుడు లంక నుంచి తిరిగివచ్చి సీతమ్మ ఎంత చిక్కిపోయిందో తోటి వానరులకు చెబుతూ, పాడ్యమినాడు కూడా పాఠం వదలనివాడి చదువుతో పోలుస్తాడు. వినేవాళ్లు కోతులైనా ఆ పోలిక తెలుస్తుందని కవి నమ్మాడు. మన కార్పొరేట్ కాలేజీలవాళ్లకు ఎవరు చెప్పాలి?

అయితే ఒక్క మాట. ఆ ఎనిమిది సెలవుల భాగ్యం మా ఇంటి పెద్దలది కాదు. ఆ చదువు వాళ్ల గడప తొక్కలేదు. మా ముత్తాతకు ముప్ఫై తిథులూ అనధ్యయనమే. మా అవ్వకు అంతకన్నా ఎక్కువ. విరామం అనే మాటకు అర్థం ఉండాలంటే ముందు పని ఉండాలి గదా! చదువే అందనివాడికి సెలవు ఎక్కడిది? ఈ సంగతి మరిచిపోయి పాతకాలాన్ని పొగిడితే పాపం చుట్టుకుంటుంది.

తరువాతి మెట్టు వీధిబడి. దాని సంగతి రాతమూలకంగా దొరికింది ఒక తెల్లదొర పుణ్యాన. మద్రాసు గవర్నరు మన్రో 1822లో, రాజధానిలోని జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు అని కలెక్టర్లను లెక్క అడిగాడు. మాది నిజాం రాజ్యం కనుక ఆ లెక్కలో లేము. బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక చాలా వివరమైనది. అప్పటి బళ్లారి జిల్లాలో అనంతపురం కూడా ఉండేది. ఆ క్యాంబెల్ 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు. అందుచేత మన బడుల సంగతి ఆయన చెప్పినా మన మనిషి చెప్పినట్టే ఉంటుంది. మొత్తం 533 బడులు, అందులో 226 తెలుగువి.

బడి పొద్దున్నే ఆరింటికి తెరుస్తారు. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న: మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. అట్లా ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది. ముప్ఫయ్యోవాడి సంగతి నేను లెక్కవేయలేదు. లెక్కల్లో నా ప్రతాపం ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఇంత దెబ్బల బడికి కూడా దసరా ఉండేది. అప్పుడు పంతులు పిల్లల్ని వెంటబెట్టుకుని, వాళ్ల చేతికి విల్లంబులిచ్చి, పద్యాలు పాడిస్తూ ఇల్లిల్లూ తిరిగేవాడు. పంతులుకు సంభావన, పిల్లలకు పప్పుబెల్లాలు. ఏడాదంతా బెత్తం పట్టుకున్న చెయ్యి ఆ పదిరోజులూ తాంబూలం పట్టేది. బడికి అది సెలవో, బడే ఊరేగింపో చెప్పడం కష్టం.

క్యాంబెల్ లెక్కలో నా కళ్లు ఆగిపోయిన చోటు మరొకటి ఉంది. జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. బడిలో ఉన్న పిల్లలు 6,641. అందులో ఆడపిల్లలు అరవైమంది. పేదరికంవల్ల పిల్లల్ని కాస్త ఎదగగానే పనిలో పెట్టుకోవలసి వస్తోందని ఆయన వాపోయాడు. రెండువందల ఏళ్ల తరువాత నా మనవరాలు ఆ అరవైమంది పక్కన కాక, లక్షలమంది ఆడపిల్లల మధ్య కూర్చుని పరీక్ష రాస్తుంది. ఆ సంతోషాన్ని తక్కువ చేయను. కానీ ఆ పిల్ల ముఖంలోనే సంతోషం కనబడకపోతే ఏం చేయాలి?

ఇక మా వైపు సంగతి. మా నాయిన చదివింది నిజాం కాలపు నాలుగో జమాతు, ఉర్దూలో. ఆయనకు సెలవంటే ఆదివారం కాదు, శుక్రవారం. అప్పుడు హైదరాబాదు రాజ్యమంతటా వారపు సెలవు జుమ్మారోజే. 1948లో పోలీసు చర్య తరువాత కొత్త ప్రభుత్వంతోపాటు ఆదివారం వచ్చింది. మా నాయినకు మాత్రం చచ్చేదాకా శుక్రవారం వచ్చిందంటే చెయ్యి తేలికయ్యేది. "జుమ్మానాడు అరక కట్టబుద్ధి కాదురా" అనేవాడు. ఒంటికి అలవాటైన విరామం రాజ్యం మారినా పోలేదన్నమాట.

రాజ్యాలే కాదు, జిల్లాలు కూడా మా మీదుగా మారుతూ పోయాయి. పక్కనున్న తాండూరు తాలూకా 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉండి, రాష్ట్రాలను విడదీసినప్పుడు ఇటు వచ్చింది. నేను పదో తరగతి పరీక్షకు కూర్చున్న 1978 మార్చిలో మాది హైదరాబాదు జిల్లా. ఆ ఏడు ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా పుట్టింది. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా అయింది. ఊరు మాత్రం కదల్లేదు. ఈ జిల్లాల గొడవ ఎందుకు చెబుతున్నానంటే, నా పదో తరగతికీ దానికీ ఒక లంకె ఉంది.

అప్పుడు నేను వికారాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. పరీక్షల ముందు ప్రిపరేషన్ సెలవులిచ్చారు. పుస్తకాల మూట నెత్తిన పెట్టుకుని ఎర్రబస్సెక్కి ఊరొచ్చాను. ఆ ఏడు విత్తనం ఆలస్యం కావడంతో మా యాసంగి జొన్న ఇంకా కోతకు రాలేదు. గింజ గట్టిపడుతోంది. చిలుకలూ పిచ్చుకలూ గుంపులు గుంపులుగా వాలుతున్నాయి. ఇంట్లో అందరూ కంది కొట్టే పనిలో ఉన్నారు.

"చదువుకోనేమో ఇంట్లనే కూసోవాల్నా? మంచె మీద కూసోని చదువు. పిట్టలన్న పోతయి" అంది అవ్వ.

అప్పీలు లేని తీర్పు అది. నాకు పట్టరాని కోపం వచ్చింది. పదో తరగతి పరీక్ష రాసేవాణ్ణి పిట్టలు కొట్టమంటారా! అయినా పుస్తకమూ వడిసెలా తీసుకుని మంచె ఎక్కాను. రెండు పేజీలు చదివేసరికి రివ్వుమని చిలుకల గుంపు వాలేది. లేచి నిలబడి, వడిసెలలో రాయి పెట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పి విసిరి, గొంతు చించుకుని అరిచేవాణ్ణి. చేనంతా ఒక్కసారి పచ్చగా పైకి లేచిపోయేది. అవి దూరంగా పోయేదాకా చూస్తూ నిలబడేవాణ్ణి. మళ్లీ కూర్చుని, ఎక్కడ ఆపానో వెతుక్కునేవాణ్ణి. వెతుక్కోవడంలో చదివిందే మళ్లీ ఒకసారి చదవడమయ్యేది. ఇంకో రెండు పేజీలు. మళ్లీ చిలుకలు.

మిట్టమధ్యాహ్నం అవ్వ జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తెచ్చేది. తినేటప్పుడు పుస్తకం పట్టుకుంటే ఊరుకునేది కాదు. "తినేటప్పుడు తిను. చదివేటప్పుడు చదువు. రెండు నోళ్లున్నయా నీకు?" అనేది. అట్లా పది పన్నెండు రోజులు మంచె మీద నేను చదివింది సాంఘికశాస్త్రం, తెలుగు, సైన్సు. చెబితే నమ్మరు గానీ, నలభై ఏళ్లు దాటినా అశోకుడి శిలాశాసనాల పాఠం ఇప్పటికీ చిలుకల రెక్కల చప్పుడుతో సహా గుర్తుంది.

లెక్కల పుస్తకం మాత్రం మంచె ఎక్కించలేదు. లెక్కలంటే కూర్చుని పట్టుగా చేయాల్సినవి, వాటికి పిట్టలు పనికిరావనుకుని హాస్టలుకు వెళ్లాక చేద్దామని దాచుకున్నాను. పరీక్షలు మొదలయ్యాయి. లెక్కల పరీక్షకు ముందు రెండు రోజులు ఖాళీ వచ్చింది. ఆ రెండు పగళ్లూ రెండు రాత్రులూ నేను లేవలేదు. కళ్లు మూతపడితే చన్నీళ్లు కొట్టుకున్నాను. తోటి పిల్లలు ఇంత లావు నోటుబుక్కు పూర్తిచేశామని చెప్పుకుంటుంటే, నేను అంతకన్నా లావుది పూర్తిచేశాను. తెల్లవారి అయిదింటికి కూడా లెక్క చేస్తూనే ఉన్నాను.

పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చూశాను. మొదటి లెక్క నాకు తెలుసు. అది పుస్తకంలో ఎడమవైపు పేజీలో కింద ఉంటుందని తెలుసు. ఆ పేజీ మూలన గ్యాసునూనె మరక ఉందని కూడా తెలుసు. ఎట్లా చేయాలో మాత్రం తెలియలేదు. మరక కనబడుతోంది, మెట్టు కనబడ్డం లేదు. మూడు గంటలు ఆ మరక వైపే చూసి బయటికొచ్చాను.

పాసు మార్కు 35. నాకు 31. తిరిగి సప్లిమెంటరీ పరీక్ష రాసేనాటికి మా జిల్లా మారిపోయింది. అందుచేత నేను హైదరాబాదు జిల్లాలో ఫెయిలై, రంగారెడ్డి జిల్లాలో పాసయ్యాను. ఇట్లాంటి ఘనత మీలో ఎంతమందికి ఉంది?

ఆ రెండోసారి లెక్కలు ఎట్లా చదివానంటారా? వానాకాలం పంటలో, గట్టు మీద కూర్చుని. జూలై ఆగస్టుల్లో పిట్టలుండవు గానీ, కలుపు తీసేవాళ్లకు నీళ్లందించే పని ఉంటుంది.

ఈ మర్మం ఏమిటో చాలా ఏళ్ల తరువాత పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన మరుపు మీద పరిశోధన చేశాడు. ఆ పరిశోధన తన మీదే చేసుకున్నాడు. అర్థంలేని అక్షరాల దండలు కట్టుకుని, అప్పజెప్పుకుని, ఎన్నాళ్లకు ఎంత మరిచానో రాసిపెట్టుకున్నాడు. 1885లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఒక చిన్న లెక్క ఉంది. ఒక వరసను ఒకే రోజు 68 సార్లు వల్లెవేస్తే ఎంత ఫలం దక్కిందో, మూడు రోజుల మీద పంచుకుని 38 సార్లు వల్లెవేస్తే అంతే ఫలం దక్కింది. అంటే ముప్ఫైసార్ల కష్టం మిగులు! మధ్యలో గడిచిన పొద్దులూ, నిద్రపోయిన రాత్రులూ ఆ ముప్ఫైసార్ల పని చేసిపెట్టాయన్నమాట.

1924లో అమెరికాలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు ఇంకో సంగతి తేల్చారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థుల చేత అర్థంలేని అక్షరాలు బట్టీ పట్టించి, కొన్నిసార్లు నిద్రపోనిచ్చి, కొన్నిసార్లు మేలుకునే ఉంచి, తరువాత అప్పజెప్పించారు. పడుకున్నప్పుడు నిలిచినంత మేలుకున్నప్పుడు నిలవలేదు. నేను హాస్టల్లో చన్నీళ్లు కొట్టుకుని తరిమేసింది నిద్రను కాదు, లెక్కలనే.

మా అవ్వకు ఎబ్బింగ్‌హౌస్ తెలియదు. ఆమెకు పిట్టలే తెలుసు. నా చదువు బాగుపడాలని ఆమె నన్ను మంచె ఎక్కించలేదు, జొన్నలు మిగలాలని ఎక్కించింది. ఈ కథలో ఆమెను మహాజ్ఞానిని చేస్తే ఆమే నవ్వుతుంది.

ఇంత తెలిసినవాణ్ణి కదా, నేనేం చేశాను? ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. లెక్కలకు దండం పెట్టి తెలుగు మాస్టరునయ్యాను. ముప్ఫై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. పదో తరగతి ఫలితాల శాతం పైవాళ్లు అడగడం మొదలుపెట్టిన రోజుల్లో పిల్లల ఆటల పీరియడ్లు లాక్కున్నాను. సాయంత్రం స్పెషల్ క్లాసులు పెట్టాను. మార్చి వచ్చి ఒంటిపూట బడులు మొదలైతే, ఎండకు పిల్లల్ని ఇళ్లకు పంపడానికి పెట్టిన ఆ మధ్యాహ్నాలను కూడా వదల్లేదు.

ఒకసారి స్పెషల్ క్లాసులో ఒకడు నిద్రపోయాడు. బెంచీ ఎక్కించి నిలబెట్టాను. నిలబడే నిద్రపోయాడు. పిల్లలందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. తరువాత తెలిసింది, వాడు తెల్లవారకముందే లేచి తల్లితోపాటు పత్తి ఏరి బడికి వస్తున్నాడని. బడికి వచ్చి కూర్చోవడమే వాడికి దొరికిన విరామం. అది కూడా నేను బెంచీ ఎక్కించాను. అరచేతిలో దెబ్బలు లెక్కబెట్టిన ఆ వీధిబడి పంతులుకూ నాకూ తేడా ఏముంది?

విరామాలన్నీ మంచివేనని కూడా అనను. ఎవరో తీసుకోనిచ్చేది వేరు, నెత్తిన పడేది వేరు. 1969లో జై తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు నేను చిన్న పిల్లవాణ్ణి. మా పెద్దనాయిన కొడుకు పట్నంలో కాలేజీలో ఉండేవాడు. నెలల తరబడి కాలేజీలు మూతపడ్డాయి. పరీక్షలు లేవు. ఎందరో విద్యార్థులు తూటాలకు నేలకొరిగారు. బతికినవాళ్లకు ఒక చదువు సంవత్సరం పోయింది. మా అన్న ఊరొచ్చి అరక పట్టుకున్నవాడు మళ్లీ కాలేజీకి పోలేదు. ఆయన దాన్ని ఎన్నడూ నష్టమనలేదు, సెలవని కూడా అనలేదు.

2020లో నేను రిటైరయ్యాను. ఆ ఏడు మార్చిలో తెలంగాణలో పదో తరగతి పిల్లలు మూడు పేపర్లు రాసేసరికి కరోనావల్ల పరీక్షలు ఆగిపోయాయి. జూన్ 8న మిగిలినవి రద్దుచేసి అందరినీ పాస్ చేశారు. పిల్లలు గంతులేస్తారనుకున్నాను. కొందరు వేశారు. కొందరు మా గేటు దగ్గరికి వచ్చి, మూతికి గుడ్డ కట్టుకుని, "సార్, మేం నిజంగ పాసైనట్టేనా?" అని అడిగారు. పని పూర్తికాని విరామం పిల్లలకు రుచించదు. వాళ్లకు కావలసింది మోయడానికి బరువూ, దించుకోవడానికి చోటూ. రెండూ కావాలి.

దించుకునే చోటు లేకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడ్డాక ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల లెక్కల్లో తప్పులు దొర్లాయని గొడవలు జరిగాయి, కమిటీ వేశారు, ఫెయిలైనవాళ్ల పేపర్లు మళ్లీ చూశారు. అదంతా నిజమే. కానీ మార్కుల తప్పు ఒకటే చంపలేదు. ఒక పరీక్ష పోతే ఊపిరి తీసుకుని మళ్లీ రాయవచ్చునన్న మాట ఆ పిల్లలకు గట్టిగా ఎవరూ చెప్పలేదు. 31 మార్కులతో ఇంటికొచ్చిన నాకు మా అవ్వ ఒక్కమాటే అంది. "పంట పోయిందని భూమి పోతదా?" ఆ తరువాత గంప అందించి కలుపుకు పొమ్మంది.

ఇవన్నీ మనవరాలికి చెప్పాను. ముందు టమాట పెట్టుకునే విన్నది. ఇరవై అయిదు నిమిషాలకు అది మోగింది. నేను ఆగాను. తను మళ్లీ తిప్పలేదు.

"మరి నువ్వు పిట్టలు కొట్టినవు తాతా. నేనేం కొట్టాలె? హాస్టల్ల పిట్టలు లేవు" అంది.

నిజమే. నా దగ్గర జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్పాను. "ఇటలీ పిల్లవాడి టమాటలో తప్పేం లేదు బిడ్డా. మోగినంక పుస్తకంల నుంచి వేలు తియ్యి. ఫోను కూడా ఒక పుస్తకమే. అది తెరిస్తే విరామం కాదు, ఇంకో పీరియడ్. పది అడుగులు నడువు. కిటికీలకెల్లి దూరం చూడు. దోస్తుతోని నవ్వు. రాత్రి పండుకో. అంతే."

చివరి రోజు సాయంత్రం తనే అడిగింది చేనుకు పోదామని. ఇప్పుడు ఆ చేలో జొన్న లేదు, మంచె లేదు. కంది కోసి కుప్ప పెట్టి ఉంది. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి మా కందికి కూడా కొంచెం గర్వం వచ్చింది. పాత వడిసెల దూలం మీద ఉంటే దులిపి తీసుకుపోయాం. రాయి పెట్టి ఇట్లా తిప్పాలని చూపించాను. పిల్ల గట్టిగా తిప్పి విసిరింది. రాయి ముందుకు పోవడానికి బదులు వెనక్కి పోయి, నా చెవి పక్కనుంచి వెళ్లి కంది కుప్పలో పడింది. ఎంతసేపు నవ్విందో! అంతసేపు నవ్వగా నేను ఆ నాలుగు రోజుల్లో వినలేదు. ఇంటికొచ్చి రెండు గంటలు చదువుకుని, పదింటికి పడుకుంది.

మర్నాడు బస్సెక్కించి వచ్చి చూస్తే టమాట బండల మీదే ఉంది. ఫోను చేస్తే "ఉంచుకో తాతా" అంది. మా ఆవిడ దాన్ని వంటింట్లో పెట్టింది. కందిపప్పు పొయ్యి మీద పెట్టి తిప్పుతుంది. ఎంత ఇటలీ తిరిగొచ్చినా టమాట చివరికి పప్పులోకే చేరిందని నేనంటే, నా హాస్యానికి ఆమె నవ్వదు.

పోయిన వారం హాస్టలు నుంచి ఫోను వచ్చింది. వారానికి ఒకసారే చేయనిస్తారు, అదీ పది నిమిషాలు. ఏదైనా అవసరమేమోనని కంగారుపడ్డాను.

"ఏం లేదు తాతా, ఊకె చేసిన. ఇయ్యాల పాడ్యమి గదా!"

పది నిమిషాలూ చదువు మాటే ఎత్తలేదు. చిలుకల గురించి అడిగింది. ఫోను పెట్టేశాక గోడ మీది క్యాలెండరు చూశాను. ఆ రోజు విదియ. నేనేమీ అనలేదు.